విద్యార్థి భాగస్వామిగా క్లాస్ ప్రతినిధిని (సీఆర్) పెట్టకండి

మీరు అడిగింది: డిగ్రీ కాలేజీలో ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించడం కాకుండా, వెనకబడిన కుటుంబాల పిల్లల మాట బోధనలోకి ఎలా తేవాలి?

ఫారం సెమిస్టర్ చివర్లో వస్తుంది. నింపినవాళ్లకి దాంతో ఒరిగేదేమీ ఉండదు. అమెరికాలోని బ్రిన్ మార్ కాలేజీలో ఇంకో పద్ధతి నడుస్తోంది. ఒక విద్యార్థి (విద్యార్థి భాగస్వామి అంటే వీరే) వారానికోసారి ఒక లెక్చరర్ క్లాసులో కూర్చుని చూసింది రాసుకుంటారు, తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటారు. ఆ విద్యార్థి ఆ కోర్సు చదువుతున్నవారు కాదు, పైగా పనికి డబ్బులిస్తారు. ఈ రెండూ వదిలేస్తే మిగిలేది తంతే. ఇంటర్నల్స్ మార్కులు వేసే మనిషి ముందు నిజం ఎవరు చెప్తారు? డబ్బులివ్వకపోతే సాయంత్రం పనికెళ్లేవాళ్లు, ఆఖరి బస్సు అందుకోవాల్సినవాళ్లు రారు.

సీఆర్ వద్దు, టాపర్ వద్దు. వాళ్ల మాట ఎలాగూ స్టాఫ్ రూమ్ దాకా వస్తూనే ఉంది. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి, ఆ లెక్చరర్ చెప్పే పేపర్ కిందటేడు గట్టెక్కినవాళ్లను వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే కాబట్టి, పాఠం ఏ వాక్యం దగ్గర చేజారిందో వీళ్లు పట్టుకున్నట్టు టాపర్ పట్టుకోలేరు.

నోట్సుకి మూడు గడులు చాలు: టైము, జరిగింది, నాకు అనిపించింది. పక్కన బెంచీల పటం ఒకటి గీయించండి. ప్రశ్న ఎవరికి వెళ్తే అక్కడ చుక్క, జవాబొస్తే టిక్కు. రెండు వారాలకే చుక్కలన్నీ ముందు బెంచీల మీద గుట్టపడటం మామూలే. ఇందులో లెక్చరర్ దురుద్దేశం ఉండక్కర్లేదు. ప్రశ్న వేసి ఒక్క సెకను ఆగితే ఇంగ్లిష్‌లో తడుముకోనివాళ్లే నోరు తెరుస్తారు. మనసులో మూడు సెకన్లు లెక్కపెట్టండి, లేదా పక్కవాళ్లతో అర నిమిషం తెలుగులో మాట్లాడుకోనిచ్చి అప్పుడు అడగండి.

ల్యాబ్ ఇంకా ఘోరం. కెమిస్ట్రీ టైట్రేషన్‌లో బ్యూరెట్ ఒకరి చేతిలో, ఫ్లాస్క్ ఇంకొకరి చేతిలో, మూడో మనిషి రీడింగ్ కాపీ కొట్టుకుంటూ ఉంటారు. అడ్మిషన్ వరసలో రోల్ నంబర్లిచ్చిన చోట ల్యాబ్ బ్యాచ్‌లూ ర్యాంకుల ప్రకారమే పడతాయి. బ్యాచ్‌లు కలిపేయండి. ముగ్గురికి మూడు రీడింగులు, ఒక్కొక్కరు ఒకటి తీయాలి, వైవా ఎవరి రీడింగ్ మీద వారికే.

నాలుగో వారంలో క్లాసంతటికీ తెల్ల కాగితాలిచ్చి రెండు ప్రశ్నలడగండి: ఏది అర్థమవుతోంది, ఏది అడ్డుపడుతోంది. రోల్ నంబర్ వద్దు, తెలుగులో రాసినా సరే. చిన్న క్లాసులో చేతిరాత దొరికిపోతుంది కాబట్టి భాగస్వామే టైప్ చేసిచ్చి, కాగితాలు చింపేయాలి. మరుసటి క్లాసులో ఏం మారుస్తున్నారో, ఏది మార్చలేరో, ఎందుకో చెప్పండి. ఇది ఎగ్గొడితే రెండోసారి ఖాళీ కాగితాలే వస్తాయి.

నోట్సు హెచ్‌ఓడీకి (శాఖాధిపతికి) పోకూడదు. అప్రైజల్‌లోకి (పనితీరు మదింపులోకి) వెళ్తాయని తెలిస్తే ఏ లెక్చరరూ తలుపు తీయరు. భాగస్వామి దళిత విద్యార్థి అయితే "మీవాళ్లు ఏమనుకుంటున్నారు" అని అడగొద్దు. పటంలో కనిపించింది అడగండి. కులం పేరుతో అవమానం బయటపడితే దాన్ని ఆ పిల్లల నెత్తిన పెట్టకండి. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీలో వివక్ష నిరోధక అధికారి ఉండాలి, అది వారి పని. ఆ పేరూ ఫోన్ నంబరూ మొదటి రోజే భాగస్వామికి రాసివ్వండి.