పరగడుపున ఏ మందు, భోజనంతో ఏ మందు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా అమ్మకు 58 ఏళ్లు. ఒళ్లు నొప్పులు, మోకాళ్ల నొప్పులు ఉంటే పరీక్ష చేయించాం. విటమిన్ డి తక్కువగా, 11 మాత్రమే ఉందన్నారు. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు 8 వారాలు వాడినా 14 దగ్గరే ఆగింది. థైరాయిడ్ గోలీ మోతాదు కూడా పెంచారు కానీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే విలువ) తగ్గడం లేదు. థైరాయిడ్ గోలీ, కాల్షియం గోలీ రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకుంటుంది, ప్యాకెట్ ఉన్న రోజు దాన్నీ వాటితోపాటే నీళ్లలో కలుపుకుని తాగుతుంది. కొలెస్ట్రాల్ ఉందని నూనె, నెయ్యి పూర్తిగా మానేసింది. మందులు నకిలీవేమో అని భయంగా ఉంది. ఇంజెక్షన్ వేయించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మందులను అనుమానించే ముందు వాటిని వేసుకునే వేళను సరిచేయాలి. విటమిన్ డి పెరగకపోవడానికీ, టీఎస్‌హెచ్ తగ్గకపోవడానికీ మూడింటినీ పరగడుపున కలిపి వేసుకోవడమే కారణం అయ్యుండే అవకాశం ఎక్కువ.

నోటి ద్వారా తీసుకున్న మందు రక్తంలో చేరాలంటే, అది ముందుగా కడుపులోనూ పేగుల్లోనూ ఉండే రసాల్లో కరగాలి. ఆ రసాల్లో అధికభాగం నీరే. కరిగిన తర్వాత అది పేగు గోడలోని కణాలను దాటాలి. ఆ కణాల చుట్టూ ఉండే పొర ప్రధానంగా కొవ్వుతో తయారైనది. నీటిలో మాత్రమే కరిగే మందు ఆ పొర దగ్గర ఆగిపోతుంది. కొవ్వులో మాత్రమే కరిగే మందు అసలు అక్కడిదాకా చేరకుండానే, పప్పుచారు మీద నూనె తేలినట్లు విడిగా ఉండిపోయి, చివరకు మలంలో పోతుంది. అందుకే కొత్త మందును తయారుచేసేటప్పుడు నీటినీ, ఆక్టనాల్ అనే నూనె వంటి ద్రవాన్నీ ఒకే పాత్రలో ఉంచి, అందులో మందును వేసి కుదిపి, ఏ భాగంలోకి ఎంత చేరిందో కొలుస్తారు. నీటిలో కంటే ఆక్టనాల్‌లో 100 రెట్లు ఎక్కువ చేరితే దాని లాగ్ పి విలువ 2 అంటారు. ఈ విలువ 5 దాటిన, అంటే ఆక్టనాల్‌లో లక్ష రెట్లకు పైగా చేరే మందులు నోటి ద్వారా ఇస్తే సరిగా ఒంటబట్టకపోవచ్చని ఔషధ శాస్త్రవేత్త క్రిస్టఫర్ లిపిన్‌స్కీ 1997లో సూచించారు. విటమిన్ డి ఆ హద్దును ఎప్పుడో దాటింది.

మరి అది ఒంటబట్టేదెలా? భోజనంలో కొంత కొవ్వు ఉన్నప్పుడు పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని చిన్నపేగులోకి వదులుతుంది. ఆ రసంలోని లవణాలు కొవ్వును అతి సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టి నీటిలో కలిసేలా చేస్తాయి, విటమిన్ డి ఆ బిందువుల్లో చేరి పేగు గోడను చేరుకుంటుంది. పరగడుపున నీళ్లతో తాగినప్పుడు ఈ ఏర్పాటు చాలావరకు జరగదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు, విటమిన్ డి వాడుతున్నా స్థాయి పెరగని 17 మందిని అదే మోతాదును రోజులో పెద్ద భోజనంతో తీసుకోమన్నారు. రెండు మూడు నెలల్లో వారి రక్తంలో స్థాయి సగటున సగానికి పైగా పెరిగిందని 2010లో ప్రచురించారు. అది చిన్న అధ్యయనమే అయినా, దాని ఫలితం పైన చెప్పిన శరీరధర్మానికి సరిగ్గా సరిపోతుంది.

దీని కోసం అమ్మగారు నెయ్యి పోసుకుని తినాల్సిన పనిలేదు. మధ్యాహ్న భోజనంలో ఒక గుడ్డు, లేదా పల్లీల పచ్చడి, లేదా మీగడ తీయని పాలు ఉంటే చాలు. కొలెస్ట్రాల్ ఉన్నవారు నూనె తగ్గించుకోవడం మంచిదే గాని, పూర్తిగా మానేయడాన్ని నేను సమర్థించను.

థైరాయిడ్ మాత్ర విషయం దీనికి భిన్నం. అందులోని లెవోథైరాక్సిన్‌ను ఆహారం అడ్డుకుంటుంది. టీ, కాఫీల వల్ల కూడా దాని శోషణ తగ్గుతుంది. కాల్షియంతో కలిస్తే అది పేగులోనే చిక్కుకుపోయి రక్తంలోకి తక్కువగా వెళ్తుంది. ఇనుము మాత్రలతోనూ ఇదే ఇబ్బంది. కాబట్టి దానిని మాత్రం తెల్లవారుజామున మంచినీళ్లతో ఒక్కటే వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత టీ తాగాలి. కాల్షియం మాత్రను థైరాయిడ్ మాత్ర తర్వాత కనీసం 4 గంటలు ఆగి, మధ్యాహ్నమో రాత్రో భోజనంతో తీసుకోవాలి. ఎక్కువ మంది వాడే కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులోని ఆమ్లం కావాలి, ఆ ఆమ్లం భోజనం చేసినప్పుడు బాగా ఊరుతుంది. విటమిన్ డి ప్యాకెట్ ఉన్న రోజున దాన్ని పాలలో కలిపి మధ్యాహ్న భోజనం చేసిన వెంటనే ఇవ్వండి.

ఇంజెక్షన్ గురించి అడిగారు. మన పల్లెల్లో సూది మందు అంటే బలమైన మందు అన్న నమ్మకం ఇంకా గట్టిగా ఉంది, దానివల్ల అనవసరపు ఖర్చూ బాధా కలుగుతున్నాయి. అమికాసిన్ వంటి యాంటీబయాటిక్‌ను సూదితో ఇవ్వడానికి కారణం అది నీటిలో బాగా కరిగినా కొవ్వు పొరను దాటలేకపోవడం. మింగితే అది రక్తంలోకి దాదాపుగా చేరదు. పిల్లలకు నులిపురుగుల కోసం ఇచ్చే ఆల్బెండజోల్ కూడా చాలా తక్కువగానే రక్తంలో కలుస్తుంది గాని, పురుగులు ఉండేది పేగులోనే కాబట్టి అక్కడ ఆ లక్షణం మేలే చేస్తుంది. అదే మందును బద్దెపురుగు వల్ల మెదడులో ఏర్పడే తిత్తులకు వాడేటప్పుడు మాత్రం కొవ్వున్న భోజనంతో ఇస్తారు, అప్పుడు శోషణ 5 రెట్ల వరకు పెరగవచ్చు. విటమిన్ డి ఇంజెక్షన్ కాలేయ వ్యాధి, పైత్యరసం అడ్డుపడటం, కొవ్వు జీర్ణంకాని పేగు జబ్బులు ఉన్నవారికి అవసరం కావచ్చు. జిడ్డుగా, తేలియాడే విరేచనాలు, కామెర్లు, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి అమ్మగారికి ఉంటే తప్పక చెప్పండి. మూర్ఛకు ఫెనిటోయిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నా విటమిన్ డి శరీరంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది.

మీది ఫ్లోరైడ్ నీటి బాధను దశాబ్దాలుగా మోసిన ప్రాంతం కనుక ఇంకొక మాట. కడుపులోని ఆమ్లంలో ఫ్లోరైడ్ విద్యుదావేశం లేని రూపంలోకి మారి కొవ్వు పొరను సులువుగా దాటుతుంది, కాల్షియంతో కలిస్తే కరగని పదార్థంగా మారి శోషణ తగ్గుతుంది. అందువల్ల భోజనంతో తీసుకునే పాలు, కాల్షియం అక్కడ మరో రకంగానూ ఉపయోగపడతాయి. కానీ ఎముకల్లో ఇప్పటికే పేరుకున్న ఫ్లోరైడ్‌ను విటమిన్ తీసేయలేదు. మెడ, నడుము బిగుసుకుపోయి వంగడం కష్టంగా ఉంటే ఎక్స్‌రే, కిడ్నీ పరీక్షలు చేయించాలి.

నీటిలో కరిగే బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి, విటమిన్ డి మాత్రం కొవ్వులో నిలువ ఉండిపోతుంది. స్థాయి పెరగలేదన్న తొందరలో ప్యాకెట్లను సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి, వారానికి ఒకటి అన్నదాన్ని రోజూ ఇవ్వకండి. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, తికమక కనిపిస్తే వెంటనే ఆపి రక్తంలో కాల్షియం చూపించాలి. ఎన్ని ప్యాకెట్లు ఇంకా అవసరమో మీ డాక్టర్‌ను అడిగి, భోజనంతో మొదలుపెట్టిన 3 నెలలకు పరీక్ష చేయించండి. థైరాయిడ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం: మాత్ర సరిగా ఒంటబట్టని రోజుల్లో పెంచిన మోతాదు, ఇప్పుడు పూర్తిగా ఒంటబడితే ఎక్కువ కావచ్చు. కొత్త వేళలకు మారిన 6 నుంచి 8 వారాల్లో టీఎస్‌హెచ్ చూపించండి, ఈలోపు గుండెదడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం మొదలైతే ఆ గడువు దాకా ఆగకుండా మోతాదు రాసిన డాక్టర్‌ను కలవండి.