అగ్లోనిమా ఆకుల అంచులు మాడుతుంటే ముందు వేరు చూడండి

ప్రశ్న: మాది కడియపులంక. పాతిక సెంట్లలో షేడ్‌నెట్ కింద అగ్లోనిమా, ఆంథూరియం లాంటి విదేశీ అలంకరణ మొక్కలు పెంచుతున్నాం. ల్యాబ్‌లో పెంచిన టిష్యూకల్చర్ మొక్కలు తెచ్చి సంక్రాంతి తర్వాత కొబ్బరిపొట్టుతో చేసిన కోకోపీట్‌లోకి మార్చాం. ఫిబ్రవరి నుంచి ఆకుల అంచులు ఎండుతున్నాయి, అడుగు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, కొన్ని మొక్కలు మొదట్లో మెత్తబడి పడిపోతున్నాయి. మూడు రకాల తెగులు మందులు కొట్టాం. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరుకు 5 గ్రాముల చొప్పున వారం వారం పోస్తున్నాం. నీళ్లు బోరువి. వేలు పెట్టి కొన్న తెల్ల మచ్చల మాన్‌స్టెరాకు ఈమధ్య వచ్చిన రెండు ఆకులూ పూర్తిగా తెల్లగా ఉన్నాయి. ఏం చేయమంటారు? – ఒక నర్సరీ రైతు

జవాబు: మందులు కొట్టడం ఈ రోజు నుంచే ఆపండి. ఎరువు కూడా ఆపండి. మీ మొక్కల్లో చాలా వాటికి వచ్చింది తెగులు కాదని ఫొటోలు చూస్తేనే తెలుస్తోంది. తెగులైతే చాలావరకు మచ్చ ఆకు మీద ఎక్కడైనా పుడుతుంది, తరచూ చుట్టూ పసుపు వలయం కడుతుంది. మీ ఆకులు కొస నుంచి మొదలై అంచు వెంబడి ఒకే తీరుగా మాడాయి, అదీ ముదురు ఆకులే. కుండీ అంచున, కోకోపీట్ పైన తెల్లటి పొర ఉంది. అది ఉప్పు. మీ టెన్షన్ అంతా ఆకు మీద ఉంది గానీ, దెబ్బ తగిలింది వేరుకు.

ఈ ఉప్పు మూడు దారుల్లో చేరుతోంది. ఒకటి కోకోపీట్. పీచు మిల్లు నుంచి వచ్చిన కడగని కొబ్బరిపొట్టులో పొటాషియం, సోడియం ఎక్కువగా ఉంటాయి. పైగా అది మొక్కకు కావలసిన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తానే పట్టేసుకుంటుంది. రెండోది బోరు నీరు. మూడోది మీరు పోస్తున్న ఎరువు. లేత టిష్యూకల్చర్ మొక్కకు లీటరుకు 5 గ్రాములు చాలా ఎక్కువ. ఎండ ముదిరేకొద్దీ నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది, అందుకే జనవరిలో బాగున్న మొక్క ఫిబ్రవరిలో మాడింది.

రేపు పొద్దున్నే నాలుగైదు కుండీలు బోర్లించి వేర్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేర్లు చాలా వరకు మిగిలి ఉంటే మొక్క బతుకుతుంది. గోధుమ రంగు వేరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగండి. పైతోలు ఊడివచ్చి లోపల సన్నటి పోగు మాత్రమే మిగిలితే అది పిథియం అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే వేరుకుళ్లు. మొక్క మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గోధుమ రంగు గుండ్లు కనిపిస్తే స్క్లెరోషియం అనే బూజు తెగులు. కాండం నీరుకారి చెడు వాసన వస్తుంటే బాక్టీరియా కుళ్లు. ఈ చివరి రెండింటినీ కాపాడాలని చూడకండి. కుండీలోని పొట్టుతో సహా తీసి దూరంగా పారేయండి. వాటిని కోసిన కత్తిని స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో మొక్కను ముట్టుకోవద్దు. పిథియం ఉన్నవాటికి, వాటి పక్క కుండీలకు మాత్రం మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి.

వేరు బాగున్న మొక్కలకు కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్లు మంచి నీరు నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రాల నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. దీనికి ఇప్పుడు కాలువ నీరే వాడండి. వారం తర్వాత ఇంకోసారి చేయండి. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు శుభ్రంగా వస్తే గెలిచినట్టే. అప్పుడు 19-19-19 లీటరుకు 1 గ్రాము చొప్పున, పదిహేను రోజులకోసారి మొదలుపెట్టండి.

ఇకముందు కోకోపీట్‌ను మూడుసార్లు నీళ్లు మార్చి కడగండి. తర్వాత 5 కిలోల కోకోపీట్ ఇటుకకు (గట్టిగా నొక్కిన దిమ్మ) సుమారు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రోజు నానబెట్టి, మళ్లీ కడిగి వాడండి. ఒక్క కోకోపీటే నింపితే అడుగున నీరు నిలుస్తుంది. రెండు పాళ్లకు ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ, నల్లగా కాలిన ఊక గానీ కలపండి. రైస్‌మిల్లు బూడిద వద్దు, దానికి క్షారగుణం ఎక్కువ. నెట్ 75 శాతం నీడ ఇచ్చేది ఉండాలి. మార్చి నుంచి పడమటి ఎండ పక్క నుంచి కొడుతుంది కాబట్టి ఆ వైపు కూడా నెట్ దించండి.

మాన్‌స్టెరా సంగతి వేరు. తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు. ఆకులన్నీ తెల్లగా వస్తే మొక్క తన తిండి తాను తయారు చేసుకోలేక క్షీణిస్తుంది. కాండం మీద తెలుపు, ఆకుపచ్చ చారలు రెండూ ఉన్న కణుపు వరకు వెనక్కి వెళ్లి, దాని పైన కత్తిరించండి. ఆ కణుపు దగ్గరి కన్ను రెండు రంగుల చార మీద ఉంటే వచ్చే కొమ్మలో రెండు రంగులూ ఉండే అవకాశం ఎక్కువ. కొమ్మ ముక్కలు నాటాలన్నా ఇదే లెక్క, కన్ను లేని ముక్క వేర్లు పట్టినా చిగురు వేయదు. వేర్లు తొందరగా పట్టే రోజులివి, ఎండలు ముదరక ముందే పని కానివ్వండి. తల్లి మొక్కను మాత్రం ఎంత ధర వచ్చినా అమ్మకండి.

అరుదైన మొక్క అనగానే కొందరు అడవి నుంచి తవ్వి తెచ్చినవి చూపిస్తారు. తిరుపతి, కడప కొండల్లో సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీ లాంటివి అస్సలు కొనకండి, అవి రక్షిత జాతులు. విదేశీ మొక్కలకైతే దిగుమతి పర్మిట్, చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉన్నాయా అని అడగండి. కాగితాలు ఉన్నా, కొత్త సరుకును మూడు వారాలు విడిగా ఉంచి, పిండినల్లి లేదని చూసుకున్నాకే నెట్‌లోకి తేవాలి.

వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తే మీకు మళ్లీ బోరే దిక్కు. అంతలోపు నీటిలో ఉప్పు ఎంతుందో చూపే ఒక చిన్న ఇ.సి. మీటర్ కొని బోరు నీటిని చూడండి. రీడింగ్ సెంటీమీటరుకు 1 మిల్లీసీమెన్స్ (mS/cm) దాటితే ఆ నీటిని ఒక్కదాన్నే ఈ మొక్కలకు పోయవద్దు. టార్పాలిన్ పరిచిన గుంటలో ఇప్పుడే కాలువ నీరు పట్టి ఉంచుకుని, సగానికి సగం కలిపి వాడండి.