బోన్ స్కాన్ అయ్యాక అమ్మను వేరే ఇంట్లో ఉంచాలా?

అమ్మకు బోన్ స్కాన్ రాశారు, ఇంట్లో ఏడాది పిల్లాడూ కడుపుతో ఉన్న వదినా ఉన్నారు, స్కాన్ అయ్యాక అమ్మను కొన్నాళ్లు మావయ్య గారింట్లో ఉంచాలా అని అడిగారు కదండీ. అక్కర్లేదు. ఆ ఒక్క రోజూ వాళ్లిద్దరికీ కాస్త ఎడంగా ఉంటే చాలు, మర్నాటికి మామూలే. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక అమలాపురం నుంచి రాజమండ్రి తీసుకెళ్లి ఇదే స్కాన్ చేయించాం. అప్పుడు చూసిందీ, అక్కడివాళ్లను అడిగి తెలుసుకున్నదీ చెబుతాను.

ఎక్స్‌రేలో కిరణాలు మిషన్ నుంచి వస్తాయి, మిషన్ ఆపితే అయిపోతుంది. బోన్ స్కాన్ అలా కాదు. టెక్నీషియం-99ఎం అనే రేడియేషన్ వదిలే పదార్థం కలిపిన మందును నరంలోకి ఇంజెక్షన్ చేస్తారు. అది ఎముకల్లో చేరి గామా కిరణాలు వదులుతుంది, పైనున్న కెమెరా వాటిని పట్టుకుంటుంది. కెమెరా ఏ కిరణాలూ వదలదు. అంటే కొన్ని గంటలపాటు రేడియేషన్ వచ్చేది పేషెంటు ఒంట్లోంచే, కాబట్టి మీ భయం ఉత్త భయమేం కాదు. కాకపోతే ఆ మందు బలం ప్రతి 6 గంటలకూ సగం పడిపోతుంది. పొద్దున 10కి ఇంజెక్షన్ చేస్తే సాయంత్రం 4కి సగం, రాత్రి 10కి పావు, మర్నాడు పొద్దున 10కి పదహారో వంతు. ఎముకకు పట్టని మందు మూత్రంలో పోతుంది కనుక నిజంగా మిగిలేది ఇంకా తక్కువ. స్కాన్ వల్ల పేషెంటుకు పడే రేడియేషన్ సుమారు 4 మిల్లీసీవర్టులు. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ఏడాదికి ఎలాగూ పడేదే ప్రపంచ సగటున 2.4. పక్కన కాసేపు కూర్చున్నవాళ్లకు తగిలేది చాలా స్వల్పం.

అందుకే అక్కడ నీళ్లు తాగమని అంతగా చెబుతారు. ఇంజెక్షన్‌కీ స్కాన్‌కీ మధ్య రెండు మూడు గంటలు కూర్చోబెడతారు, అమ్మ చేత మంచినీళ్లూ కొబ్బరి బొండాం నీళ్లూ తాగిస్తూనే ఉన్నాం. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి. స్కాన్‌కి ముందు మూత్రానికి వెళ్లి రావాలి, లేకపోతే నడుము కింది ఎముకలు సరిగా కనబడవు. చీర మీద ఒక్క మూత్రం చుక్క పడినా ఫిల్ములో మచ్చలా కనబడి ఎముకలో ఏదో ఉందన్న అనుమానం వస్తుందట, ఆ సిస్టర్ మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చాక కూడా ఆ రోజంతా బాత్రూమ్‌లో నీళ్లు బాగా కొట్టి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెద్దవాళ్లకు డైపర్ మార్చేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి.

నగలు తీసేయాలి, లోహం అడ్డొస్తుంది. అమ్మ మంగళసూత్రం తీయనని భీష్మించుకుంది. దారానికి పసుపుకొమ్ము కట్టి మెడలో వేశాక ఒప్పుకుంది. మీరూ ముందే సర్దుకుని వెళ్లండి, అక్కడ టెన్షన్ ఉండదు.

ఇక నాకు ఇప్పటికీ బాధగా ఉండే సంగతి. ఇంటికి రాగానే బంధువొకావిడ అమ్మకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టించి, వెనక వసారాలో కూర్చోబెట్టింది. వాళ్ల ఊళ్లో ఒకరికి థైరాయిడ్ క్యాన్సర్‌కి వైద్యం చేశాక చాలా రోజులు అలాగే ఉంచారట. వాళ్లకు ఇచ్చింది అయోడిన్-131 అనే వేరే రేడియేషన్ మందు, దాని బలం సగం కావడానికే 8 రోజులు పడుతుంది. దాని జాగ్రత్తలు వేరు, డాక్టరు రాసిచ్చినవన్నీ తు.చ. తప్పకుండా పాటించాల్సిందే. అమ్మకు ఇచ్చింది అది కాదని నేను చెప్పేలోపే అమ్మ అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. జబ్బుతో నలిగి ఉన్న మనిషిని అలా దూరం పెట్టడం రేడియేషన్ కంటే పెద్ద దెబ్బ. మీ అమ్మగారు మీతో కూర్చుని తినొచ్చు, వంట చేయొచ్చు. మనవణ్ణి ఒళ్లో పెట్టుకోవడం, పక్కలో వేసుకుని పడుకోవడం మాత్రం మర్నాటిదాకా ఆపమనండి. దూరం రెట్టింపైతే తగిలేది దాదాపు నాలుగో వంతుకు తగ్గిపోతుంది, కాబట్టి గది అవతలి నుంచి వాడితో కబుర్లు చెప్పినా ఏమీ కాదు.

వదినను తోడుగా పంపకండి, మీరు వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు కారైతే అమ్మను వెనక సీట్లో మీకు కాస్త ఎడంగా కూర్చోబెట్టండి. బస్సైతే పక్క సీట్లో గర్భిణులూ పసిపిల్లలూ లేకుండా చూసుకోండి. స్కాన్ చేయించుకునేది పాలిచ్చే తల్లయినా, నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా ఇంజెక్షన్‌కి ముందే చెప్పాలి. గల్ఫ్ ప్రయాణం దగ్గర్లో ఉన్నవాళ్లు స్కాన్ చేసినట్టు ఆసుపత్రి నుంచి ఒక కాగితం తీసుకుని దగ్గర పెట్టుకోవాలి, కొన్ని ఎయిర్‌పోర్టుల్లో రేడియేషన్ పట్టే పరికరాలు కొన్ని రోజుల తర్వాత కూడా మోగుతాయి. ఇంకేదైనా సందేహం ఉంటే స్కాన్ చేసే విభాగంలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉంటారు, మొహమాటపడకుండా ఆయన్నే అడగండి.