ముంచినోళ్లకే బోనస్‌లా?

ప్రశ్న: 2008లో అమెరికాలో ఏఐజీ కంపెనీ మునిగిపోబోతే గవర్నమెంట్ కాపాడింది కదా, ఆ తర్వాత వాళ్లే బోనస్‌లు పంచుకున్నారంట, నిజమేనా సార్? ఎవరూ ఆపలేదా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమేనండి. మన టాటా ఏఐజీ పేరులో ఉన్న ఇన్సూరెన్స్ కంపెనీ ఏఐజీయే అది. ప్రభుత్వం మొత్తం 182 బిలియన్ డాలర్ల దాకా సాయం ప్రకటించి దాదాపు 80 శాతం వాటా తీసుకుంది, అంటే జనమే ఓనర్లు అన్నమాట, అలాంటిది 2009 మార్చిలో సరిగ్గా ఆ కొంప ముంచిన ఫైనాన్షియల్ ప్రొడక్ట్స్ విభాగం వాళ్లకే 165 మిలియన్ డాలర్ల బోనస్‌లు ఇచ్చారని తెలిసేసరికి జనానికి ఒళ్లు మండిపోయింది.

కంపెనీ ఏమందంటే, ఇవి బాగా పనిచేసినందుకు కాదు, ఉద్యోగం మానకుండా ఉండటానికి ఇచ్చే రిటెన్షన్ బోనస్‌లు, కాంట్రాక్టులు ముందే రాసుకున్నాం, ఇవ్వకపోతే కోర్టుకెళ్తారు అని. బానే ఉంది, కానీ మిలియన్ పైన అందుకున్న 73 మందిలో 11 మంది అప్పటికే మానేశారు! ఇదేం రిటెన్షనో నాకైతే అర్థం కాలా.

పాపం తిట్లన్నీ తిన్నది ఎడ్వర్డ్ లిడ్డీ, ఆయన కంపెనీ మునిగాక వచ్చి ఏడాదికి 1 డాలర్ జీతానికి పనిచేసిన అప్పటి సీఈఓ. లక్ష డాలర్లు దాటినోళ్లు సగమైనా వెనక్కివ్వండని అడిగాడు, కొందరు ఇచ్చారు.

ఆపడం సంగతంటారా, అమెరికా దిగువ సభ అయిన ప్రతినిధుల సభ ఇలాంటి బోనస్‌లపై 90 శాతం ట్యాక్స్ వేసే బిల్లు 328-93 ఓట్లతో పాస్ చేసింది గానీ పై సభ సెనేట్‌లో ఆగిపోయింది. 2012 చివరికి సర్కారు తన వాటా మొత్తం అమ్మేసి 22.7 బిలియన్ల లాభంతో బయటపడింది లెండి.