లాక్‌డౌన్‌లో విరిగిన చేయి: ఐదేళ్లు దాటాక కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కావలి. 2020 ఏప్రిల్‌లో చీమకుర్తిలో ఉండేవాళ్లం. గ్రానైట్ పని ఆగిపోయి ఇంట్లోనే ఉన్న మావారు కోపంలో ఆరేళ్ల బాబు చేయి మెలిపెడితే విరిగింది. ఆస్పత్రిలో మెట్ల మీంచి పడ్డాడని చెప్పాం. ఎక్స్‌రే ఉంది, చీటీ పోయింది. ఇప్పుడు విడిగా ఉంటున్నాం. బాబును అప్పగించమని ఆయన లాయర్ నోటీసు పంపారు. నేను కేసు పెట్టొచ్చా? పోక్సో పెడితే వెంటనే లోపలేస్తారని బంధువులు అంటున్నారు.

జవాబు: ఇక్కడ కుదించి వేసిన మీ ఉత్తరంలో సగం అత్తగారి మాటల గురించే ఉంది. వాటితో కేసు నిలబడదు. ఎముక నిజంగా విరిగిందా, లేక వాచి తగ్గిందా? అంతా దాని మీదే ఉంది.

ఘటన 2020 నాటిది కాబట్టి పాత ఐపీసీయే వర్తిస్తుంది. మామూలు దెబ్బయితే సెక్షన్ 323, కోర్టు కేసు చేపట్టడానికి గడువు ఏడాది. అది ఎప్పుడో దాటిపోయింది. ఎముక విరిగితే సెక్షన్ 325, ఏడేళ్ల వరకు శిక్ష. మూడేళ్లకు మించి శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి లేదు. పిల్లల పట్ల క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 ఉంది గానీ దాని గడువు మూడేళ్లే. కొవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు సుప్రీంకోర్టు మినహాయించిన కాలాన్ని తీసేసినా 2025 ఫిబ్రవరితో సరి. అయితే 325తో కలిపి విచారిస్తే పెద్ద శిక్ష ఉన్న నేరాన్ని బట్టే గడువు చూస్తారు. అప్పుడు 75 కూడా నిలుస్తుంది.

ఎక్స్‌రే ఫిల్మ్ అంచున పేరు, తేదీ, నంబరు ఉన్నాయేమో చూడండి. అవి ఆస్పత్రి రిజిస్టర్‌తో సరిపోతేనే ఆ ఫిల్మ్ మీ బాబుదని గట్టిగా చెప్పగలం. చీటీ పోయిందని ఎంత తేలిగ్గా రాశారమ్మా! ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెళ్లి నకలు అడగలేదా? రిజిస్టర్లు కలకాలం దాచరు. రేపే వెళ్లి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మెట్ల మీంచి పడ్డాడని మీరూ చెప్పారు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. దాచకుండా, భయపడి అలా చెప్పానని ఫిర్యాదులోనే రాయండి. అప్పుడెందుకు బయటికి రాలేదంటే, బడి మూత, టీచరు కంట పడే వీల్లేదు, పుట్టింటివాళ్లు జిల్లా దాటి రాలేరు. లాక్‌డౌన్ మొదటి రోజుల్లో, 11 రోజుల్లోనే, హింస నుంచి కాపాడమని పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098కి 92,000కు పైగా కాల్స్ వచ్చాయి. అమెరికాలో 2020లో పిల్లల మీద హింసకు సంబంధించి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు తగ్గారు గానీ, వచ్చినవాళ్లలో అడ్మిట్ చేయాల్సినవాళ్ల శాతం పెరిగింది. ఈ అంకెలు మీ కేసును రుజువు చేయవు. ఆలస్యానికి కారణం చెప్పడానికి మాత్రం పనికొస్తాయి.

పోక్సో మాట ఇంకెత్తకండి. అది లైంగిక నేరాల చట్టం. కక్షతో జరగనిది రాస్తే సెక్షన్ 22 కింద మీకే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. ఆ తర్వాత నిజంగా విరిగిన చేయి గురించి చెప్పినా ఎవరూ నమ్మరు. మొన్న కొట్టాడని తేదీ మార్చడమూ ఇంతే ప్రమాదం. పైగా 325 బెయిలబుల్, అంటే అడిగితే బెయిల్ ఇవ్వాల్సిందే, వెంటనే లోపలేస్తారన్న ఆశ పెట్టుకోకండి.

కావలి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇచ్చే ఫిర్యాదు) ఇవ్వండి, వాళ్లు చీమకుర్తికి పంపుతారు. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టు, ఆపైన మేజిస్ట్రేట్. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా నెల్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. కస్టడీలో కోర్టు చూసేది బాబు క్షేమం. ఈ వయసుకు వాడి ఇష్టమూ అడుగుతారు. నేర్పించి చెప్పించకండి, అవతలి లాయరు అడిగే క్రాస్ ప్రశ్నల్లో దొరికిపోతాడు. నోటీసు గడువులోగా లాయరు చేత జవాబు పంపండి. ఎక్స్‌రే అసలు ఫిల్మ్ పోలీసులు తీసుకుంటే రసీదు రాయించుకోండి.