ఒక్క హుక్కే వస్తే బాక్సర్ తక్కువోడా?

ప్రశ్న: సార్, మా పర్లాకిమిడిలో కాలేజీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లంతా హెవీవెయిట్ బాక్సర్ జో ఫ్రేజియర్‌కి లెఫ్ట్ హుక్ (ఎడమ చేత్తో పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు) తప్ప ఏం రాదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: అలా అనేవాళ్లు ఆ హుక్ దాకా ఆయన ఎలా వచ్చేవాడో చూసుండరు బాబూ. తల అటూ ఇటూ ఊపుతూ, నడుం వంచి ఎదుటోడి జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) కిందనుంచి దూరి, పొట్ట మీద నాలుగు తగిలించి ఎదుటోడి చేతులు కిందకి దిగాక అప్పుడు కదా హుక్ వేసేది, 1971లో మహమ్మద్ అలీని 15వ రౌండ్‌లో పడగొట్టింది అదే మరి. కాకపోతే 1973లో జార్జ్ ఫోర్‌మన్ అనే బాక్సర్ దగ్గర ఆ ముందుకి దూసుకెళ్లడమే కొంప ముంచింది, రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడ్డాడు పాపం. లిమిట్ ఉంది, కాదన్ను, కానీ దాన్ని బయటపెట్టాలంటే ఫోర్‌మన్ లాంటోడే దిగాలి. ఒకటి రెండు పనులతోనే నెట్టుకొచ్చిన ఇంకో హెవీవెయిట్, వ్లాదిమిర్ క్లిచ్కో సంగతి చూడు, జాబ్ వెయ్యడం, మీద పడి పట్టేసుకోవడం, చూడ్డానికి మహా బోరు, అయినా 2015లో టైసన్ ఫ్యూరీ వచ్చి ఓడించేదాకా ఏళ్ల తరబడి ఛాంపియన్ బెల్టులు వదల్లేదు.