మాయాబజార్‌ను మళ్లీ చూసే ముందు

అమ్మలూ,

పాత సినిమాల్లో దాగిన సంకేతాల మీద వ్యాసం రాస్తానన్నావు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగావు. మాయాబజార్‌తో మొదలుపెట్టు. కథ నీకు కంఠతా వచ్చు కాబట్టి తర్వాతేమవుతుందోనన్న ఆత్రం ఉండదు, చూపు తెరమీద నిలుస్తుంది.

ఒక్క వస్తువును పట్టుకో: ప్రియదర్శిని పెట్టె. తెరిచినవాళ్లకు మనసులో ఉన్నది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. అందరూ వేడుకగా చూసి నవ్వుకుంటారు. కానీ తర్వాత ఆ పిల్ల పెళ్లికి అడ్డం పడేవి అవే కదా! తండ్రికి శిష్యుడి మీద మమకారం, తల్లికి సిరి మీద మోజు. రాబోయే గొడవంతా దర్శకుడు కె.వి.రెడ్డి గారు ముందే, ఇంటిల్లిపాది సరదాలో కలిపి చూపించేశారు.

కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు. అక్కడ తొందరపడి అర్థం చెప్పేయకు. ఆ మనిషి మళ్లీ ఎప్పుడు, ఏ వస్తువు పక్కన వస్తాడో కనిపెట్టు. చివర్లో అదే శకుని సత్యపీఠం ఎక్కి, తన కుట్ర తన నోటితోనే చెప్పేస్తాడు. పెట్టె మనసులోది కంటికి చూపిస్తే, పీఠం దాన్ని నోట పలికిస్తుంది. ఈ కథలో పెద్దమనుషులు దాచిందంతా బయటపెట్టేవి మాయ వస్తువులే. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. మాయా శశిరేఖను చూడు, లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు సావిత్రి ఒంట్లోంచి ఘటోత్కచుడు తొంగిచూస్తూనే ఉంటాడు.

తెరమీద లేనిదాన్నీ రాసుకో. వైరమంతా పాండవులతోనే, అయినా ఒక్క పాండవుడూ కనిపించడు.

రంగుల జోలికి మాత్రం పోకు. 1957లో వచ్చింది నలుపు తెలుపు సినిమా, రంగులద్దింది 2010లో. చీర రంగుకు అర్థం వెతికితే అది దర్శకుడి ఆలోచన అవదు. లాహిరి పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెలను పాత ప్రతిలోనే చూడు. ఇంకోటి, ఈ కథ వ్యాసభారతంలో లేదు, సినిమాకు ముందే సురభి నాటక సమాజం వాళ్లు నాటకంగా ఆడారు. ఏది రంగస్థలం నుంచి వచ్చిందో, ఏది కెమెరా కోసం పుట్టిందో విడదీయకుండా అంతా దర్శకుడి ఖాతాలో వేయకు.

మొదటిసారి ఏమీ రాసుకోకుండా చూడు. రెండోసారి శబ్దం ఆపేసి చూడు, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉందో రాసుకో. ఒక్కసారే కనిపించినదాన్ని వదిలెయ్. తిరిగి వచ్చినదాని కింద గీత గియ్యి.

చిత్తుప్రతి పంపు. పెట్టె గురించి, పీఠం గురించి నేను చెప్పింది నీకు నచ్చకపోతే ముందు ఆ పేజీలే పంపు.

నీ పెద్దనాన్న